బాలునికి తగిన బోధన: ప్రత్యేకావసరములు గల పిల్లలకు వ్యక్తిగత పాఠ్యప్రణాళిక

విద్య అందరికిని సమానముగా అందవలెనను మాటను కాదనువారు నేడు లేరు. అయితే ‘సమానముగా’ అను పదమునకు అర్థము చెప్పుటలోనే చిక్కు కలదు. ఒకే తరగతి, ఒకే పుస్తకము, ఒకే గంట, ఒకే పరీక్ష, ఇదియే సమానత్వమని మన పాఠశాలలు చాలకాలముగా భావించుచు వచ్చినవి. కాని చూపు మందగించిన బాలికకును, వినికిడి లేని బాలునికిని, అక్షరములు కన్నుల యెదుట కలగలసిపోవు పిల్లవానికిని ఒకే పాఠమును ఒకే రీతిగా చెప్పుట సమానత్వము కాదు. అది వారిని తరగతిలో కూర్చుండబెట్టియే చదువునకు దూరము చేయుట యగును. అట్టి పిల్లలకు వ్యక్తిగత పాఠ్యప్రణాళికను ఎట్లు రచింపవలెనో, దానిని ఒక పల్లెటూరి బడిలో ఎట్లు అమలు జరుపవచ్చునో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. మన విద్యార్థులలో పలువురు రేపు ఉపాధ్యాయులు కానున్నారు. దాదాపు అందరును తల్లిదండ్రులు కానున్నారు. కళాశాల పాలకవర్గమువారు చేయదగిన పని కూడ ఇందు కొంత కలదు.

ఈ భావన మనకు బొత్తిగా క్రొత్తది కాదు. పంచతంత్ర కథారంభమును స్మరింపుడు. మహిలారోప్య నగరమున అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులు కలరు. వారు చదువు వంటబట్టనివారని పేరుపడిరి. వ్యాకరణమొక్కటి నేర్చుటకే పండ్రెండేండ్లు పట్టునని సభలోని వారు చెప్పగా, విష్ణుశర్మ ఆరు నెలలలో రాకుమారులను నీతిశాస్త్రమున ప్రవీణులను చేయుదునని ప్రతిజ్ఞ చేసెను. ఆయన శాస్త్రమును మార్చలేదు. శాస్త్రమును చేరు మార్గమును మార్చెను. సూత్రములకు బదులుగా కాకి, ఎలుక, తాబేలు, లేడి మాటలాడినవి. శిష్యుని బట్టి సాధనమును ఎన్నుకొనుట, గడువు పెట్టుకొనుట, ఫలితమునకు గురువే బాధ్యత వహించుట, ఈ మూడును ఆ కథలో కలవు. నేటి విద్యావేత్తలు వ్యక్తిగత పాఠ్యప్రణాళికలో కోరునవియు ముఖ్యముగా ఈ మూడే.

అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో బోధనను గూర్చి ప్రత్యేకముగా చర్చించెను. శిష్యుని గ్రహణశక్తిని గమనించుచు, విషయమును మూడు విడతలుగా బోధింపవలెనని ఆయన అభిప్రాయము. మొదట స్థూలముగను, పిమ్మట వివరముగను, తుదకు సందేహమేమియు మిగులకుండను చెప్పవలెను. కాఠిన్యము పిల్లలకు హాని చేయునని కూడ ఆయన హెచ్చరించెను.

అయితే విష్ణుశర్మకు శిష్యులు ముగ్గురే. మన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునకు ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉండుటయు కద్దు. అట్టి యెడ ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క ప్రణాళిక సాధ్యమా యను ప్రశ్న సహజము. సాధ్యమేయని మా అభిప్రాయము. కొత్తపట్నమును దృష్టాంతముగా గైకొని దానిని నిరూపింప యత్నింతుము.

కొత్తపట్నము – బడి

ఒంగోలునకు తూర్పున బంగాళాఖాతపు ఒడ్డున గల కొత్తపట్నమునకు ‘పాఠశాల’ యను మాటతో చారిత్రకమైన సంబంధము కలదు. 1937 వేసవిలో యువకుల కొరకు ఇక్కడ రాజకీయ, ఆర్థిక శాస్త్ర పాఠశాలను నడుపబూనగా, నాటి ప్రభుత్వము దానిని నిషేధించినది. చదువు ఎవరికి చెందవలెనను ప్రశ్న ఆనాడు ఈ ఇసుక తిన్నెలపై ఆ విధముగా ఎదురైనది. నేడు అదే ప్రశ్న ఇంకొక రూపమున, అంతగా కనబడకుండ, ఇక్కడి ప్రతి తరగతిగదిలోను నిలిచియున్నది.

ఈ మండలమున పల్లెపాలెము వంటి చోట్ల మత్స్యకార కుటుంబములు, ఇతర గ్రామములలో రొయ్యల చెరువులపై, పొలములపై బ్రతుకు కుటుంబములు కలవు. పడమటికి పోయినకొలది పత్తి చేలు, మిరప చేలు వచ్చును. ఈ ప్రాంతపు పిల్లలలో కొందరు తెలుగు, కొందరు ఇంటిలో దక్కనీ ఉర్దూ, మరికొందరు యెరుకల లేక లంబాడీ మాటలాడుదురు. వీరందరికిని పాఠ్యపుస్తకమొక్కటియే.

ప్రత్యేకావసరములు గల పిల్లలెవరు?

1995లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించినది. వానిలో అభ్యసన వైకల్యము లేదు. అనగా కన్ను, చెవి, కాలు, చేయి సరిగానుండి, తెలివితేటలుండి, చదువుట వ్రాయుట మాత్రము రాని పిల్లవానికి ఆ చట్టమున చోటు లేకుండెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ సంఖ్యను 21కి పెంచినది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. పఠనమున కష్టము కలిగించు డిస్లెక్సియా, వ్రాతలో కష్టము కలిగించు డిస్గ్రాఫియా, లెక్కలలో కష్టము కలిగించు డిస్కాల్కులియా మున్నగునవి అందు చేరినవి. స్వలీనత, అనగా ఆటిజము, కూడ చేరినది. 2007లో విడుదలయిన ‘తారే జమీన్ పర్’ హిందీ చలనచిత్రము వలన డిస్లెక్సియా పేరు చాల ఇండ్లకు చేరినను, చట్టమున దానికి స్థానము దొరకుటకు దాదాపు మరి పదేండ్లు పట్టినది.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. చదువలేని ప్రతి పిల్లవానికిని వైకల్యమున్నదని ముద్రవేయుట గొప్ప అన్యాయము. ఆ నిర్ణయమునకు వచ్చుటకు ముందు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఈ బిడ్డకు నల్లబల్ల కనబడుచున్నదా? మాట వినబడుచున్నదా? చీము కారు చెవితోను, కళ్లద్దములు కావలసిన కన్నులతోను ఏండ్ల తరబడి వెనుక బల్లపై కూర్చున్న పిల్లలు ప్రతి ఊరిలోను కలరు. వీరికి కావలసినది వైద్యుడు.

రెండవది: ఈ బిడ్డ నిజముగా ఎన్ని దినములు బడికి వచ్చినది? పత్తి తీతలకు, మిరప కోతలకు తల్లిదండ్రులు వలసపోవునపుడు పిల్లలును వెంట పోవుదురు. మాఘ ఫాల్గుణములలో బడి విడిచిన పిల్లవానికి ఒత్తక్షరములు రాకున్న, అది వాని బుద్ధి దోషము కాదు.

మూడవది: ఈ బిడ్డ ఇంటి భాష ఏది? దక్కనీ మాటలాడు ఇంటి నుండి వచ్చిన ఆరేండ్ల బాలికకు తెలుగు పాఠము అర్థము కాకున్న, అది అభ్యసన వైకల్యము కాదు, భాషాభేదము మాత్రమే. ఆ బాలిక ఉర్దూలో విన్న కథను చక్కగా తిరిగి చెప్పగలిగినచో, ఆమె తెలివికి లోటు లేదని తెలిసికొనవలెను.

ఈ విషయమున గిడుగు రామమూర్తి పంతులుగారు మనకు మార్గదర్శకులు. 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన వారు, సవర పిల్లలకు తెలుగు రాదని నిందింపలేదు. తామే సవర భాషను నేర్చుకొని, ఆ భాషలో పాఠములు వ్రాసి, బడులు పెట్టిరి. ఆ కొండలలో సోకిన మలేరియాకు వాడిన క్వినైను వారి వినికిడిని దెబ్బతీసినది. బోధనను బిడ్డ కడకు కొనిపోయిన ఆ మహనీయుడు స్వయముగా వినికిడి లోపముతో జీవించెనను సంగతి మన విద్యార్థులు తెలిసికొనదగినది.

భావన పెరిగిన క్రమము

ఫ్రాన్సులో 1800 సంవత్సరమున అడవిలో దొరికిన బాలునికి మాట, నడత నేర్పుటకు ఇటార్ అను వైద్యుడు ఏండ్ల తరబడి శ్రమించెను. ఆయన పద్ధతిని సెగాన్ పెంపొందించెను. వారిరువురి గ్రంథములను చదివి, ముందుగా మేధోవైకల్యము గల పిల్లలతో పనిచేసి, పిదప 1907లో రోము నగరమున శిశుగృహమును తెరచినది మరియా మాంటిస్సోరి. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. నేడు సంపన్నుల పిల్లలకై నడుచు మాంటిస్సోరి బడుల పద్ధతికి మూలము, ‘వీరికి చదువు రాదు’ అని లోకము వదలివేసిన పిల్లల బోధనలో కలదు. కష్టపడు బిడ్డ కొరకు కనుగొన్న మార్గము తక్కిన వారందరికిని ఉపకరించినది.

1905లో బినే, సైమన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొదటి బుద్ధి పరీక్షను రూపొందించిరి. అదనపు సాయము ఎవరికి కావలెనో కనుగొనుటయే బినే ఉద్దేశము. తరువాతి వారు దానిని పిల్లలకు వెల కట్టు త్రాసుగా మార్చిరి. కొలత సాయమునకు దారితీయవలెను గాని వెలివేతకు దారితీయరాదని ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.

1975లో అమెరికా దేశము చేసిన చట్టము, వైకల్యము గల ప్రతి విద్యార్థికిని వ్యక్తిగత విద్యా ప్రణాళికను లిఖితపూర్వకముగా తయారు చేయవలెనని శాసించినది. 1978లో బ్రిటనులో వార్నాక్ సంఘము, వైకల్యమునకు పేరు పెట్టుట కంటె బిడ్డ విద్యావసరమేదో గుర్తించుట ముఖ్యమని సూచించినది. మన దేశమున 1974లో వికలాంగ బాలల సమీకృత విద్యా పథకము మొదలైనది. సికిందరాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడినది. నేడది మేధో దివ్యాంగజనుల సాధికారతా సంస్థగా పేరు మార్చుకొన్నది. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. నేడు సమగ్ర శిక్ష పథకము క్రింద మన రాష్ట్ర మండలములలో ‘భవిత’ కేంద్రములు, వానిలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కలరు.

ఇంత జరిగినను, తల్లిదండ్రులకు ఎక్కువగా తెలిసిన మాట ‘సదరం’. సదరం శిబిరమున వైద్యులు వైకల్య శాతమును నిర్ణయింతురు. 40 శాతము దాటినచో పింఛను మొదలగు సదుపాయములు లభించును. ఆ కాగితము అవసరమే. కాని అది ఎంత లోపమున్నదో చెప్పును. సోమవారమునాడు ఉదయము ఆ బిడ్డకు ఏమి నేర్పవలెనో చెప్పదు. 38 శాతము వచ్చిన బిడ్డకు పింఛను రాకపోవచ్చును గాని, ఆ బిడ్డకు పాఠము అక్కరలేదని అర్థము కాదు. శాతము వైద్యుని పని. ప్రణాళిక ఉపాధ్యాయుని పని.

ప్రణాళిక పత్రము

వ్యక్తిగత పాఠ్యప్రణాళిక యనగానే పెద్ద గ్రంథమని భయపడనక్కరలేదు. నోటు పుస్తకమున రెండు పుటలు చాలును. అందు ఆరు అంశములుండవలెను: బిడ్డ ప్రస్తుత స్థితి, మూడు నెలల లక్ష్యము, పద్ధతియు పరికరములును, ఎవరు ఎప్పుడు నేర్పుదురు, ఫలితమును ఎట్లు పరీక్షింతురు, తిరిగి సమీక్షించు తేదీ.

ఉదాహరణకు ఒక బాలుని ఊహించుకొందము. కొత్తపట్నమున మత్స్యకారుని కుమారుడు, తొమ్మిదేండ్లవాడు, నాలుగవ తరగతి. ఉపాధ్యాయుడు వానిని గూర్చి ‘చదువు రాదు’ అని వ్రాసిన, అది ప్రణాళిక కాదు, తీర్పు. ఇట్లు వ్రాయవలెను: ‘వంజరము, చందువ, పండుగప్ప మొదలుగా పది చేపల పేర్లు చెప్పును. విన్న కథను వరుస తప్పక తిరిగి చెప్పును. నోటిలెక్కలో 20 లోపు కూడికలు చేయును. 56 అక్షరములలో 31 గుర్తించును. ప-ష, మ-య లను తారుమారు చేయును. గుణింతములు రావు. నల్లబల్ల చూచి వ్రాయుటకు తోటివారికంటె మూడింతల కాలము పట్టును.’ ముందు వచ్చునవి, పిమ్మట రానివి వ్రాయుట ఇందలి నియమము. వచ్చుదానిపై నిలిచియే రానిదానిని అందుకొనవలెను గదా!

రెండవది లక్ష్యము. ‘బాగుగా చదువవలెను’ అనునది లక్ష్యము కాదు, ఆశీర్వాదము. ‘మూడు నెలలలో తలకట్టు, దీర్ఘము, గుడి మాత్రమే గల పదములు 20 ఇచ్చినచో 18 తప్పులేక చదువవలెను’ అనునది లక్ష్యము. నెరవేరినదో లేదో ఎవరైనను చూచి చెప్పగలిగినదే లక్ష్యమగును.

మూడవది పద్ధతి. ఇచట ఊరే మనకు సాయపడును. తలకట్టు తప్ప వేరు గుర్తులేని పదములేవని వెదకినచో, ఈ బాలునికి ప్రాణమైన మాటలే దొరకును: అల, వల, పడవ, గడ. దీర్ఘము, గుడి చేర్చినచో గాలి, కడలి. అటు పిమ్మట ఏత్వముతో చేప, కొమ్ముతో తాడు. చివరకు ఒత్తుతో రొయ్య. పడమటి మెట్ట గ్రామపు బిడ్డకైతే క్రమము వేరు: మడక, మిరప ముందు వచ్చును, పత్తి ఒత్తక్షరము గనుక తరువాత వచ్చును. అక్షరములు అవియే, గమ్యము అదియే. నడక మాత్రము బిడ్డ నిలిచిన చోటు నుండి ఆరంభమగును.

నాలుగవది కాలము. దినమునకు 15 నిమిషములు, వారమునకు 5 దినములు, 12 వారములు. మొత్తము 15 గంటలు మాత్రమే. ఉపాధ్యాయునకు తీరికలేని దినమున అయిదవ తరగతి బాలుడొకడు అక్షరముల అట్టముక్కలతో ఈ పని చేయించగలడు. అయిదవ అంశము పరీక్ష. వారాంతమున పది పదములు చదివించి, తేదీ వేసి సంఖ్య వ్రాయుట. ఆరవది సమీక్ష, ఆ దినమున తల్లినో తండ్రినో పిలిచి, పుస్తకము చూపి మాటలాడుట. లక్ష్యము నెరవేరకున్న బిడ్డను దండింపక పద్ధతిని మార్చవలెను. ఈ ఒక్క నియమమును పాటింపని ప్రణాళిక వట్టి కాగితము.

మన లిపులలోని చిక్కులు

తెలుగు, ఉర్దూ రెండును బోధించు సంస్థకు చెందిన వారము గనుక ఈ అంశమును కొంత విశదముగా చెప్పుదుము. తెలుగులో వ్రాసినట్లే చదువుదుము, చదివినట్లే వ్రాయుదుము. ఇది ఇంగ్లీషులో లేని సౌకర్యము. అందుచేత పఠన వైకల్యము గల బాలుడు ఇంగ్లీషులో తప్పులు ఎక్కువగా చదువును. తెలుగులో తప్పులు తక్కువైనను మిక్కిలి నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు చదువును. తప్పులను మాత్రమే లెక్కించు ఉపాధ్యాయునకు వాని కష్టము కనబడదు. కాలమును కూడ గమనించిననే కనబడును.

తెలుగు లిపిలో కొన్ని అక్షరముల పోలికలు పిల్లలను తికమక పెట్టును: ప, ష, ఫ, వ, మ, య, ద, ధ, థ, న, స. వీనిని ఒకేనాడు పక్కపక్కన నేర్పరాదు. ఒకటి స్థిరపడిన పిమ్మటనే రెండవది చూపవలెను. ఇసుకలో వ్రేలితో వ్రాయించుట, గరుకు కాగితమున కత్తిరించిన అక్షరముపై వ్రేలు నడిపించుట మేలు. కొత్తపట్నమున ఇసుకకు కొదువ లేదు. గుణింతపు గుర్తులు అక్షరమునకు పైన, ప్రక్కన వచ్చును; ఐత్వములో కొంత పైన, కొంత క్రింద వచ్చును. త, న, మ, య, ర, ల వంటి వాని ఒత్తులకు అసలు అక్షరముతో పోలికయే లేదు. ఈ ఒత్తులను క్రొత్త అక్షరములుగనే భావించి విడిగా నేర్పవలెను.

ఉర్దూలో చిక్కు వేరు. బే, పే, తే, టే, సే అను అక్షరములకు ఆకారమొక్కటియే. చుక్కల సంఖ్య, స్థానము, లేదా పైనుంచు చిన్న గుర్తు మాత్రమే భేదము. జీమ్, చే, హే, ఖే కూడ అంతే. పదమున మొదట, నడుమ, చివర వచ్చినపుడు రూపము మారును. హ్రస్వ స్వరములను తెలుపు జబర్, జేర్, పేష్ గుర్తులను సాధారణముగా వ్రాయరు. లిపి కుడి నుండి ఎడమకు నడచును. ఒకే బాలిక ఉదయము ఉర్దూ, మధ్యాహ్నము తెలుగు, ఇంగ్లీషు చదువునపుడు ఆమె కన్ను ఎన్ని మార్లు దిశ మార్చుకొనవలెనో ఆలోచింపుడు. అట్టి బాలికకు ఒక లిపి స్థిరపడువరకు మిగిలిన వానిలో వినుట, పలుకుట మాత్రమే ప్రణాళికలో ఉంచుట వివేకము. చుక్కలకు రంగులు వేసిన అట్టముక్కలు, గుర్తులు విడువక వ్రాసిన మొదటి పుస్తకము ఆమెకు అవసరము.

గణితము, జీవిత నైపుణ్యములు

గణితమునకు మన ఆటలే పరికరములు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలును వెల్లకిల పడిన నాలుగు, బోర్లపడిన ఎనిమిది. పావును నడిపించుట కూడికయే గదా! అంకెలను చూచి బెదరు బిడ్డ, గవ్వలను చూచి బెదరదు. కొంచెము పెద్దవారికి చేపల తూకము, మిరప టిక్కీల లెక్క, పత్తి తీతలో కిలోకు ఇంతయని వచ్చు కూలి. కూలి లెక్క తెలిసిన బిడ్డను మోసగించుట కష్టము. మేధోవైకల్యము గల యువకునకు భిన్నములు రాకపోవచ్చును. చేతికి వచ్చిన నోట్లు గుర్తించి లెక్కించుట వచ్చినచో అతని జీవితమునకు అది పెద్ద రక్ష.

ఇట్టి పిల్లల కొరకు మద్రాసులో రూపొందిన అభివృద్ధి ప్రణాళికా పద్ధతిలో 18 రంగములు, ఒక్కొక్క దానిలో 20 చొప్పున 360 అంశములు కలవు. తినుట, దుస్తులు ధరించుట, మాటలాడుట, డబ్బు వాడుట మొదలగునవి అన్నియు అందు పాఠములే. గుండీ పెట్టుకొనుటను చిన్న చిన్న మెట్లుగా విభజించి నేర్పుట కూడ చదువేయని ఈ పద్ధతి గుర్తించినది.

దృష్టి లోపమున్నవారికి పెద్ద అక్షరములు, ముందు బల్ల, భారతీ బ్రెయిలీ లిపి. వినికిడి లోపమున్నవారికి ఉపాధ్యాయుని ముఖము కనబడు చోటు, బొమ్మలు, సంజ్ఞలు. కదలలేని వారికి ఇంటివద్దనే విద్య. తీవ్ర వైకల్యము గల పిల్లలకు ఇంటివద్ద విద్య పొందు హక్కును 2012 నాటి సవరణ కల్పించినది.

ఆక్షేపణలు – సమాధానములు

ఇట్లు చేసిన ప్రమాణములు దిగజారునని కొందరందురు. మన ఊళ్ళలో ప్రతి బావికి ఒకే పొడవు చేంతాడు వాడుదుమా? నీరు లోతుననున్న బావికి పొడుగు తాడు కావలెను. తాడు పొడుగైనంత మాత్రమున నీటి రుచి తగ్గదు. పరీక్షలో లేఖకుని సాయము, అదనపు సమయము ఇచ్చుట కూడ ఇట్టిదే. ప్రశ్న మారలేదు, జవాబు బయటకు వచ్చు దారి మాత్రము తెరువబడినది.

తక్కిన పిల్లల కాలము వ్యర్థమగునని మరికొందరందురు. పదిహేను నిమిషములు తోటివానికి చదువు చెప్పిన అయిదవ తరగతి బాలుడు నష్టపడడు. చెప్పుటచే వాని చదువు గట్టిపడును.

మూడవ ఆక్షేపణ పైకి చెప్పనిది. ‘మా బిడ్డకు లోపమున్నదని ఊరికి తెలియునా?’ అను తల్లిదండ్రుల భయము. ఈ భయమునకు కారణము మన మాటలే. మొద్దు, మట్టిబుర్ర, చెవిటివాడు అను పిలుపులు తరగతిలో వినబడునంత కాలము ఏ తల్లియు తన బిడ్డ కష్టమును ముందుకు వచ్చి చెప్పదు. కావున ప్రణాళికకు మొదటి మెట్టు నోటిని అదుపులో నుంచుకొనుట.

బాల్యముననే చూపు కోల్పోయిన ఈజిప్టు రచయిత తాహా హుసేన్ 1950లో తన దేశమునకు విద్యామంత్రి అయ్యెను. ఉచిత విద్యను వ్యాపింపజేసెను. ఆయనను చిన్ననాడే ఎవరైనను ఒక మూల కూర్చుండబెట్టి యున్నచో, నష్టపడెడిది ఆయన ఒక్కడే కాదు.

మన కర్తవ్యము

2016 నాటి చట్టము 6 నుండి 18 ఏండ్ల వయస్సు గల, 40 శాతమునకు తక్కువగాని వైకల్యమున్న పిల్లలకు ఉచిత విద్యా హక్కును ఇచ్చినది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు వానిలోను అట్టివారికి 5 శాతమునకు తగ్గకుండ సీట్లు కేటాయింపవలెనని 32వ విభాగము చెప్పుచున్నది. సీటు కేటాయించుటతో పని ముగియదు. మెట్ల ప్రక్కన వాలుదారి లేని భవనములో, చదివి వినిపించువారు లేని గ్రంథాలయములో, ఆ సీటు ఖాళీగనే మిగులును.

కావున పాలకవర్గము వారికి మేము మూడు విన్నపములు చేయుచున్నాము. క్రింది అంతస్తునకు, గ్రంథాలయమునకు వాలుదారి ఏర్పరచుట. తెలుగు, ఉర్దూ శాఖల అధ్యాపకులు పాఠములను చదివి రికార్డు చేసి, చూడలేని, చదువలేని విద్యార్థులకు అందించుటకు ఏర్పాటు. ప్రవేశ సమయమున ప్రతి విద్యార్థిని ‘నీకు చదువుటకు ఏ సాయము కావలెను?’ అని ఏకాంతమున అడిగి వ్రాసికొనుట. మూడవదానికి పైసా ఖర్చు లేదు.

విద్యార్థులారా! మీరు చేయదగినది ఇంకను సులభము. పరీక్షలలో లేఖకులుగా పనిచేయుటకు పేర్లు ఇండు. సెలవులలో మీ ఊరి బడికి పోయి, ప్రధానోపాధ్యాయుని అనుమతితో, వెనుకబడిన ఒక్క బిడ్డను ఎన్నుకొనుడు. పైన చెప్పిన రెండు పుటలు వ్రాయుడు. మొదటి పుటలో మొదటి పంక్తి ఆ బిడ్డకు వచ్చినదానితోనే ఆరంభింపుడు. తెలుగు, ఉర్దూ అట్టముక్కలను తయారు చేయు పనిని రెండు శాఖల విద్యార్థులును కలిసి చేపట్టినచో, వచ్చు విద్యాసంవత్సరారంభమునకే పది బడులకు సరిపడునన్ని సిద్ధమగునని మా నమ్మకము. ఇష్టపడువారు సెలవులకు ముందే తమ శాఖాధ్యక్షులకు పేర్లు తెలుప ప్రార్థన.